మూడు వేళ్ల మడత

“కొలతలు అప్పుడే ఎందుకండీ?”

తల్లి కూతురి భుజం మీంచి టేపు లాగేసింది.

కేడెట్ దళం ఆఫీసు వరండాలో, కుట్టుమిషను ముందు కూర్చున్న ముసలి దర్జీ నవ్వాడు.

“వరసలో నిలబడింది కదమ్మా. ఓ పని అయిపోతుందని.”

“చేర్చుకోం పొమ్మన్నారు. ఇక చొక్కా ఏం చేసుకోను?”

కూతురు తల దించుకుంది. పదిహేనేళ్ల పిల్ల. పదహారు నిండితే తీసుకోరు. ఈ ఏటికి ఇవాళే ఆఖరు.

తల్లి ఊరవతల పంపుహౌసులో మోటార్లు చూసుకుంటుంది. బడి చాలా దూరం. మోటార్ల హోరులోనే పిల్లకు అక్షరాల దగ్గర్నుంచీ తనే చెప్పుకుంది. అందుకే దరఖాస్తులో బడి పేరు అడిగినచోట ‘పంపుహౌసు’ అని రాసింది.

ఈమధ్యే పనిలో చేరిన గుమాస్తా ఇందాక అది చూసి పడీపడీ నవ్వాడు.

“ఇది ఏ బోర్డు కింది బడమ్మా?”

“నీళ్ల బోర్డు” అంది తల్లి.

“బడి ముద్ర లేందే కుదరదు.” కాగితం వెనక్కి తోసేశాడు.

ఇదంతా దర్జీ వింటూనే ఉన్నాడు.

“లోపల బీరువాలో పచ్చ అట్ట రూల్సు పుస్తకం ఉంటుంది. ఆఖరి పేజీ తియ్యమనండి” అన్నాడు, చీటీని కంటికి ఆనించుకుని ఏదో రాసుకుంటూ.

“మీరు చదివారా దాన్ని?”

“ఆ ఒక్క పేజీ.”

“మీ కత్తెర సంగతి మీరు చూసుకోండి. పొద్దుట్నుంచీ నవ్వులపాలైంది చాలు.”

తల్లి అటు తిరగ్గానే పిల్ల చేయి చాపింది. దర్జీ టేపు వేసి, మిగిలిన ఒక్క కొలతా రాసేసుకున్నాడు.

పిల్ల చటుక్కున లోపలికి వెళ్లింది. వెనకే తల్లి.

“అయ్యా, పచ్చ అట్ట పుస్తకం... ఆఖరి పేజీ.”

“మళ్లీ వచ్చావా?”

అప్పుడే మైదానం నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టారు ఆ మాట విని ఆగాడు. తనే బీరువా తెరిచాడు. వెతుక్కోకుండా పేజీ తీసి పైకి చదివాడు.

“ప్రైవేటు బడుల పిల్లలనూ, ఇంటివద్ద చదువుకొను పిల్లలనూ సమీప దళములో చేర్చుకొనవలెను. ఇంట చదువు చెప్పువారి సంతకమే బడి ముద్రగా చెల్లును.”

గుమాస్తా నాలుక్కరుచుకున్నాడు. కుర్చీలోంచి లేచాడు.

“పంతులమ్మగారూ, ఇక్కడ సంతకం పెట్టండి.”

ఆ పిలుపు ఆమెకు కొత్త. సంతకం మామూలుకన్నా కాస్త పెద్దగానే పెట్టింది.

“ఇక కొలతలిచ్చి రా పో” అన్నాడు గుమాస్తా.

తల్లీకూతుళ్లు పరుగున వరండాలోకి వచ్చారు. స్టూలు ఖాళీ. మిషను మీద ముసుగు కప్పి ఉంది. దాని మీద కత్తెర, కత్తెర కింద చీటీ.

‘పంపుహౌసు పాప’ అని రాసి, కింద అన్ని కొలతలూ వేశాడు. ఆఖర్న ఒక మాట: ‘ఎదిగే పిల్ల. అంచు మడతలో మూడు వేళ్ల గుడ్డ వదలాలి.’

“ఎక్కడికెళ్లారు?” అంది తల్లి.

“కళ్లు ఆనడం లేదని ఇవాళ్టితో పని మానేశారు. కూతురి ఊరికి బస్సెక్కుతానన్నారు. ఆ చీటీ రేపొచ్చే కొత్త దర్జీకి” అన్నాడు వెనకే వచ్చిన డ్రిల్లు మాస్టారు.

“అయ్యో, కసిరేశానండీ. ఆ పేజీ సంగతి ఆయనకెలా తెలుసు?”

డ్రిల్లు మాస్టారు చీటీ అందుకుని, మడత చెడకుండా జేబులో పెట్టుకున్నాడు.

“ఆ పేజీ కోసం పదమూడో ఏట అర్జీ పెట్టి కాళ్లరిగేలా తిరిగిన ఇంటిచదువు పిల్లాడు ఆయనేనమ్మా, అది వచ్చేసరికి పదిహేడు నిండిపోయాయి.”