గేటుకాడి పచ్చ గీత

చీకటి పడ్డంక మహిమ పాపను భుజాన వేసుకొని, మణుగూరు అవతల అడవంచున ఉన్న బొగ్గు యార్డుకు మొగుడు జోయెల్‌కు బువ్వ తెచ్చింది. ఒకప్పుడు నలుగురు కాసిన గేటుకు ఇప్పుడు జోయెల్ ఒక్కడే. మిగతా కాపలా కెమెరా తగిలించిన అరచేతంత కంప్యూటర్ బోర్డుది.

"ప్రాణమున్న మనిషైతే చాలు, చుట్టూ పచ్చ గీత గీస్తది. చూడు," అని జోయెల్ తెర చూపించిండు.

అతని చుట్టూ గీత పడ్డది. ఆమె చుట్టూ పడ్డది. పాప చుట్టూ పడలేదు.

"పాపను పట్టలేదేందయ్యా?"

"పిడికెడంత ఉన్నది, దాని కంటికేం ఆనుతది!" అని నవ్విండు.

అంతలోనే తెరలో, గేటు బయట ఎవరూ లేని బాట మీద, మోకాలెత్తున చిన్న పచ్చ గీత లేచింది. మెల్లగా అడవి దిక్కు కదిలింది. ఇందాకటిదాకా మహిమ చెవిలో వినబడ్డ పాప ఊపిరి ఇప్పుడు వినబడలేదు.

"బిడ్డా!" అని ఆమె కేకేసింది.

భుజమ్మీద పాప కదల్లేదు. తెర మీద గీత ఆగింది.

"మళ్లా పిలువే," అన్నడు జోయెల్, తెర మీంచి కన్ను తీయకుండ. "జల్దీ పిలువు."