ఎంగిలి ఇసుక

ముసలాయన కుప్పలోంచి గుప్పెడు ఇసుక తీసి, పిసికి, విరిచి, చిటికెడు నోట్లో వేసుకున్నాడు.

వేసుకున్నవాడు మింగినా బాగుండేది. నాలుక మీద అటూ ఇటూ తిప్పి, కుప్ప పక్కనే తుపుక్కున ఉమ్మేశాడు.

"ఛీ, ఛీ!"

నరేన్‌కు పొద్దున తిన్న ఇడ్లీ గొంతు దాకా వచ్చింది. నాచారంలో ఇనుము పోతపోసే ఫౌండ్రీలో ఆఫీసు పనికి చేరి ఆరు నెలలైంది. కరిగిన ఇనుము పొగకూ, తుప్పు వాసనకూ ఎలాగో అలవాటుపడ్డాడు గానీ, ఈ ఎంగిలి మాత్రం అతని వల్ల కాలేదు.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?"

ముసలాయన తడి చేతిని భుజానికున్న గుడ్డసంచికి తుడుచుకున్నాడు. మాసిన చొక్కా. మోచేతుల దాకా కాలిన మచ్చలు.

"ఇసుకల తేమ ఎక్కువైంది బిడ్డా. గిట్లనే అచ్చులు పెట్టి పోస్తే సరుకంత పొక్కులొస్తది."

"నాకు ఇసుక పాఠాలు చెప్పడానికొచ్చావా?"

"కాదు బిడ్డా, నేనొచ్చింది..."

"ఇక్కడ పనుల్లేవు. ముందు బయటికి నడు!"

ముసలాయన నరేన్ మొహం ఒకసారి చూసి, సంచి సర్దుకున్నాడు. గేటు వైపు నడిచాడు.

కాసేపటికి వాచ్‌మన్ పోశయ్య గుడ్డసంచి పట్టుకుని ఆఫీసులోకి వచ్చాడు.

"సార్, ముసలాయన ఇది మీకే ఇయ్యమన్నడు. పైలంగ పెట్టమన్నడు."

సంచి మీద తడి ఇసుక మరకలు. ఉమ్మో చెమటో ఆ దేవుడికే తెలియాలి. నరేన్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రామ రామ! నా టేబుల్ మీద పెట్టకు. ఎలాగూ కొలిమి మండుతోందిగా, అందులో పారెయ్."

"లోపల కాయితాలున్నయంట సార్..."

"ఏదో దరఖాస్తు అయ్యుంటుంది. పారెయ్యమన్నానా!"

పోశయ్య పారేశాడు.

నరేన్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు, సంచిని ముట్టుకోకపోయినా.

అతని తలనొప్పి వేరే ఉంది. ఫౌండ్రీకి ఆ ఏడాదితో, అంటే రెండువేల తొమ్మిదితో, పాతికేళ్లు నిండుతున్నాయి. యజమాని జనార్ధనరావు సావనీర్ సంచిక పని అతనికి అప్పగించి, "ఇది బాగా వస్తేనే నీ ఉద్యోగం పర్మనెంటు" అని తేల్చేశాడు.

మొదటి పేజీకి ఒక పాత ఫొటో ఇచ్చాడు. ఎవరో ఒక మనిషి కరిగిన ఇనుమును అచ్చులో పోస్తున్నాడు. వీపు తప్ప ఏమీ కనబడదు.

"ఇదే మన మొదటి పోత. అప్పుడు నాన్నగారు చూసుకునేవారు. వాడెవడో నాకూ తెలీదు. కింద కార్మికుడు అని వేసెయ్" అన్నాడు.

రెండో పేజీకి మాత్రం బంగారంలాంటి వ్యాసం దొరికింది. వ్యాసాలు కావాలని పేపర్లో ఇచ్చిన ప్రకటన చూసి రామంతాపూర్ నుంచి బాలరాజు అనే ఆయన పోస్టులో పంపాడు. కుడివైపు ఒరిగిన ముత్యాల్లాంటి రాత.

లోహం కరిగించి పోసేవాణ్ణి ఇంగ్లీషువాళ్లు ఫౌండర్ అనేవారట. లాటిన్‌లో పోయడం అనే అర్థమున్న మాట ఫ్రెంచివారి నోట నలిగి ఇంగ్లండు చేరిందట. గంటలు పోసేవాడు బెల్ ఫౌండర్. అచ్చు అక్షరాలు పోసేవాడు టైప్ ఫౌండర్. సంస్థలు స్థాపించే ఫౌండర్ పునాది అనే అర్థమున్న వేరే మాట నుంచి వచ్చాడట.

చివర్లో ఇలా ఉంది: "రెండో ఆయనకు గోడల మీద పటాలు కట్టారు. మొదటి ఆయన ఏమయ్యాడు? మిగతా సగంలో చెబుతాను. త్వరలో నేనే తెచ్చిస్తాను."

నరేన్ ఆ రాతకు పడిపోయాడు. రామంతాపూర్, ఉప్పల్ చుట్టుపక్కల కాలనీల నిండా సైంటిస్టులే. ఈయనా రిటైరైన సైంటిస్టే అయ్యుంటాడు. వస్తే ఇవ్వడానికి మంచి బిస్కట్లు తెప్పించి పెట్టాడు.

ముసలాయన వచ్చి వెళ్లిన ఆ సాయంత్రం పోత చల్లారాక చూస్తే సరుకంతా పొక్కులే. జనార్ధనరావు అరిచిన అరుపులకు షెడ్డు దద్దరిల్లింది.

'ముసలాడి ఎంగిలి తగిలింది మరి!' అని పళ్లు నూరుకున్నాడు నరేన్.

నాలుగు రోజులు గడిచాయి. బాలరాజు గారు రాలేదు. రేపు పొద్దున్నకల్లా వ్యాసం ఇవ్వకపోతే తన వల్ల కాదన్నాడు ప్రెస్సువాడు.

నరేన్ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"పోశయ్యా, బాలరాజు గారని పెద్దమనిషి ఎవరైనా వచ్చి వెళ్లిపోయారా?"

"కార్ల ఎవ్వరు రాలే సార్."

"రిజిస్టరు చూశావా?"

"నాకు సదువు రాదు గద సార్. వచ్చినోళ్లే రాసుకుంటరు."

నరేన్ రిజిస్టరు లాక్కుని పేజీలు తిప్పాడు. మంగళవారం దగ్గర వేలు ఆగిపోయింది.

కుడివైపు ఒరిగిన ముత్యాల్లాంటి రాత. బాలరాజు, రామంతాపూర్.

"ఇది... ఇది ఎవరు రాశారు?"

"గాయనే సార్. ఇసుక నోట్లేసుకున్న ముసలాయన. కాయితాలు ఒక్కటే నకలు అన్నడు, ఇరవై ఏండ్ల కష్టమంట. మీరేమో కొలిమిల ఎయ్యమంటిరి."

ఈసారి నరేన్‌కు అసహ్యం వేసింది తన మీదే.

'వచ్చిన పని' అన్న గడిలో ఇలా రాసి ఉంది: "1984లో ఈ ఫౌండ్రీ మొదటి పోత పోసినవాణ్ణి. వ్యాసం మిగతా సగం నా చేత్తో ఇచ్చి, ఇసుక ఒకసారి చూసి పోదామని."