పడవతల్లికి వంద గుడ్లు

ఆంఫవా కాలువలో ఏ పడవ ఇంజిన్ విప్పాలన్నా ముందు పడవ ముక్కుకి పూలదండ కట్టి, అక్కడుండే పడవతల్లి అనుమతి తీసుకోవాలి. పందెం పడవ నడిపే బుంచు దండ కట్టి, ఒక మొక్కు కూడా మొక్కుకున్నాడు.

"తల్లీ, ఇంజిన్ బలం రెట్టింపు చేయిస్తున్నా. పందెంలో దాని లోపల ఒక్క ముక్క విరక్కుండా చూడు. వంద గుడ్లు ఉడికించి పెడతా."

"అంతేనా బాబాయ్?" అంది మెకానిక్ లమై.

"ఇంకా చిట్టా చదవమంటావా? సూటిగా అడిగితేనే పనవుతుంది."

లమై పాత పిస్టన్లూ రాడ్లూ పీకేసి, ఎంత దెబ్బకైనా తట్టుకునేవి బిగించింది.

పందెం రోజు జెండా ఊపగానే బుంచు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారి గర్జించి, తనని మోస్తున్న వెనక చెక్కని పెళ్లగించుకుని కాలువలోకి దూకింది. వెనకే పడవలోకి నీళ్లొచ్చాయి.

"గుడ్లూ లేవు, గిడ్లూ లేవు!" ఒడ్డున నీళ్లోడుతూ అరిచాడు బుంచు. "నన్ను నిలువునా ముంచింది!"

లమై ఇంజిన్‌ని తాళ్లతో లాగించి, నీళ్లు వంచి విప్పింది. పిస్టన్లు తళతళలాడుతున్నాయి.

"ఒక్క ముక్క విరగలేదు బాబాయ్. పడవ గురించి నువ్వు అడగనేలేదుగా."

బుంచు కాలువ వైపు చూశాడు. మునిగిన పడవ ముక్కు ఒక్కటే పైకి తేలి ఉంది. దండ తడవనైనా లేదు.

"లమై, వంద గుడ్లు పట్టే గిన్నె ఉందా మీ ఇంట్లో?"