ఫోటో మీద తారీకు

“గొర్రెను పట్టుకున్నట్టు పట్టుకుంటవేందయ్యా? జర నిమ్మళంగ పట్టు” అని కసిరాడు కిషన్.

జానయ్య డిజిటల్ కెమెరాను రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. అది చూసి కిషన్ మళ్లీ నాలుగు చివాట్లు తగిలించాడు.

సూర్యాపేటలో కిషన్ ఫోటో స్టూడియో తెలియనివాళ్లు లేరు. కిషన్ నోరు తెలియనివాళ్లు అసలే లేరు. పెళ్లికొడుకునైనా సరే, “ఏందా మొకం, పన్ను గుంజుతున్నదా?” అని అడిగే రకం. ఆ నోటికి జడిసి కోదాడ దాకా పోయి ఫోటో దిగొచ్చినవాళ్లూ ఉన్నారు. మనసు మాత్రం వెన్న.

పక్కూరు చివ్వెంల జానయ్య భార్య ఉమ కువైట్‌లో ఇంటిపనికి పోయి పది నెలలైంది. ఇంకా పద్నాలుగు నెలలుంది. అప్పటిదాకా వదిలేది లేదని అక్కడి సేటు పాస్‌పోర్టు గుంజుకున్నాడు. ఫోన్ కూడా ముట్టనివ్వరు. ఉత్తరమొక్కటే దారి. ఆ ఉత్తరాల్లో ఆమె అడిగేదీ ఒక్కటే: ఏడేళ్ల కొడుకు సాయితేజ ఫోటో, నెలకొకటి.

ఆ ఫోటోలు తీసిచ్చేది కిషనే. చదువురాని జానయ్యకు ఉత్తరాలు చదివిపెట్టేదీ అతనే. “వాని మొకం చూసుకుంటనే ఇక్కడ రోజులు ఎల్లదీస్తున్న. ఒక్క నెల ఫోటో రాకున్నా నేను బతుకను” అని ఉమ రాసిన మాట చదివిన రోజు కిషన్ అన్నం సరిగా తినలేదు. పోయిన ఉత్తరంలో ఇంకో మాట రాసింది. ఫోటో మీద తారీకు లేదట. పాతది పంపారా అని అనుమానం.

“అందుకేనన్నా, నీ కెమెరా ఒక్కనాడు ఇయ్యి. హైదరాబాద్‌ల ఆటల పార్కుకు తోల్కపోతా. మంచిగ తీసుడు నేర్పు” అని వచ్చాడు జానయ్య. సాయితేజ బెంచీ మీద ఒరిగి నిద్రపోతున్నాడు.

గంటసేపు నేర్పాడు కిషన్.

“బొత్తాం సగం వత్తి ఆగు. కీక్‌మంటది. అప్పుడు మొత్తం వత్తు. ఎండ పిల్లగాని ఎనక ఉంటే మొకం నల్లగొస్తది, పట్టపగలైనా సరే ఫ్లాష్ ఎయ్యి. పార్కుల చక్రం తిరుగుతుంటే, కెమెరాల గీ ఉరికే మనిషి బొమ్మ మీద పెట్టు. పెట్టి, కెమెరాను దానెంబడే తిప్పుకుంట నొక్కు. రాయి లెక్క నిలవడకు!”

“తారీకు యాడ మార్చుడన్నా?”

కిషన్ చూపించాడు. జానయ్య అదొక్కటి మూడుసార్లు చెప్పించుకున్నాడు.

మూడో రోజు కెమెరా తిరిగొచ్చింది. ఫోటోలను కంప్యూటర్‌లో తెరిచిన కిషన్ నోరెళ్లబెట్టాడు.

“ఓరినీ! నాకన్న మంచిగ తీసినవ్ గదయ్యా!”

నీటి తుంపర్లు గాలిలో ఆగిపోయి కనిపిస్తున్నాయి. చక్రంలో కూర్చున్న సాయితేజ ముఖం కడిగినట్టుంది. చుట్టూ లోకమంతా గీతలు గీతలుగా పరుగెడుతోంది. పడవలో ఎర్ర అంగీ, రైలు దగ్గర నీలం అంగీ, ఏనుగు బొమ్మ పక్కన పచ్చ అంగీ. కిషన్ మురిసిపోతూ ఒక్కొక్కటే జరిపాడు.

తర్వాతి ఫోటోలో పిల్లవాడు స్వెట్టర్ వేసుకున్నాడు. నుదుటి మీద చెమట. ఏప్రిల్ ఎండలో స్వెట్టరేమిటి?

మూలన ఉన్న నారింజ రంగు అంకెలు చూశాడు. 2009 డిసెంబరు. అది రావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. పక్కదానికి పోయాడు. 2010 జనవరి. కిషన్ ఫోటోలన్నీ మొదటి నుంచి మళ్లీ తిరగేశాడు. నెలకొక అంగీ, నెలకొక చోటు. వచ్చే ఏడు జూన్‌తో ఆఖరు. చివరి అంగీలు మరీ బిగుతుగా ఉన్నాయి, చిన్న పిల్లలవి అడుక్కొచ్చినట్టు. వాటిలో సాయితేజ పార్కు కటకటాల్ని పట్టుకుని, ఓపిక లేని నవ్వు నవ్వుతున్నాడు.

“పద్నాలుగు నెలల ఫోటోలు ఒక్కనాడే తీసినవా?”

జానయ్య తలూపాడు.

కిషన్‌కు ఒళ్లు మండిపోయింది. “ఇంకో సంసారం గిట్ల పెట్టినవా? తాగుడు మొదలువెట్టినవా?”

“లేదన్నా.”

“మరేం రోగం? ఆ తల్లి గాడ గిన్నెలు తోముకుంట పిల్లగాని మొకం కోసం కండ్లల్ల ఒత్తులేసుకోని సూస్తుంటే, నెలకోపాలి నా దుకాణం దాకా వచ్చుడు నీకు బరువైందా?”

జానయ్య కంప్యూటర్ వైపు వేలు చూపాడు. “అన్నా, ఆఖరి నాలుగు ఫోటోలల్ల పిల్లగాన్ని జర పొడుగు చెయ్యరాదా? ఏడాదైనా పెరగలేదని ఉమ పసిగడతది.”

“సిగ్గుండాలె! పిల్లగాన్ని కంప్యూటర్ పెంచుతదా? నువ్వు బువ్వ పెట్టి పెంచు.” కిషన్ కోపంతో ఊగిపోయాడు. “ఇవన్నీ ఇప్పుడే చెరిపేస్తున్న. ఏ నెలకు ఆ నెల వాన్ని ఈడికి తోల్కరా, నేనే తీస్తా. ఆమెను మోసం చేసే పాపం నాకొద్దు.”

పద్నాలుగు ఫోటోలనూ ఒకేసారి ఎంచుకుని, చెరిపే మీట మీద వేలు పెట్టాడు.

జానయ్య ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని బావురుమన్నాడు.

“తోల్కరానికి వానికి రెండు నెలలు కూడ లేవన్నరన్నా పెద్ద దవాఖానల, వాని తల్లినన్న బతికించుకోనియ్యి!”