ఆవు తాగిన అంబలి

కుళాయి పూర్తిగా తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున భవిత మళ్లీ కక్కుకుంది.

"ఏటమ్మా, ఇంతసేపు?" బాత్రూమ్ తలుపవతల అత్తగారు అచ్చియమ్మ గొంతు.

"బట్టలు జాడిస్తున్నానత్తమ్మా!"

"ఎనిమిదో నెల్లో నీకెందుకా పని? వదిలీ. చోడి అంబలి చల్లారిపోతంది, వచ్చి తాగు."

ఆ రాగి అంబలి మాట వినగానే భవిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది.

మూడో నెలతో వదిలిన వేవిళ్లు ఏడో నెల్లో చెప్పాపెట్టకుండా తిరిగొచ్చాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆ సంగతి ఇంకెవరికి చెప్పుకున్నా ఫరవాలేదు, అచ్చియమ్మకి మాత్రం చెప్పలేదు. దానికో కారణం ఉంది. క్వార్టర్ల ఆడవాళ్లు సాయంత్రం గుమిగూడి తమ కాన్పుల పురాణాలు విప్పినప్పుడల్లా అచ్చియమ్మ ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

"నాకు ఒక్క వాంతీ రానేదు."

ముప్పై ఏళ్ల కిందట మామగారికి కోటా స్టేషన్ నుంచి బదిలీ అయి, మూడు నెలల జానకిరామ్‌ని చంకనేసుకుని ఈ కాలనీలో దిగిన రోజు కూడా ఇదే మాట చెప్పిందట. ఇక చూడండి, ఏ కోడలు కాస్త నీరసపడినా "అచ్చియమ్మని చూసి నేర్చుకో" అనడం ఇక్కడి ముసలమ్మలకి అలవాటైపోయింది. అలాంటి మనిషి కోడలై ఉండి, రోజుకి మూడుసార్లు కక్కుకుంటున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అచ్చియమ్మ దేవుడి గదిలోకి వెళ్లగానే భవిత గిన్నె పట్టుకుని వెనక గేటు దగ్గరికి నడిచింది. అక్కడ ఆవు సిద్ధంగా ఉంది. నెల రోజులుగా అది డ్యూటీకి వచ్చినట్టు సరిగ్గా ఎనిమిదింటికి హాజరవుతోంది. ఆవు ఒళ్లు చేస్తోంది, భవిత చిక్కిపోతోంది.

మొన్న పదకొండున చేసిన పాయసం కూడా ఆవుకే పోసింది. అది మొగుడు జానకిరామ్ పుట్టినరోజు పాయసం. అతను పుట్టింది పదిన. కానీ అచ్చియమ్మ చెల్లెలు అప్పలనర్సమ్మ పోయింది కూడా అదే నెల పదో తారీఖునే కావడంతో ఆ రోజు ఈ ఇంట్లో తీపి వండరు, మర్నాడు వండుతారు. ముందు రోజంతా చెల్లెలి ఫొటో ముందు ఏడ్చి, మర్నాడు కళ్లు తుడుచుకుని పెద్దావిడ వండిన పాయసమది. గేటు దగ్గర ఒంపుతుంటే భవితకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"తాగినావా?" ఖాళీ గిన్నెతో లోపలికొచ్చి కూర్చున్న భవిత పక్కన అచ్చియమ్మ చేరింది.

"తాగానత్తమ్మా."

అబద్ధం ఆడినందుకో ఏమో, బిడ్డ గట్టిగా తన్నింది. భవిత ఉలిక్కిపడటం చూసి అచ్చియమ్మ గబుక్కున పొట్ట మీద చెయ్యి వేసింది.

"లోపల తన్నితే ఏటిలాగుంటాది తల్లీ?"

"మీకు తెలీదా ఏంటి?"

"ముప్పయ్యేళ్ల కిందటి మాట, ఎవలికి గుర్తుంటాది?" అని నవ్వేసింది.

ఆ శుక్రవారం ఆసుపత్రిలో చెకప్. జానకిరామ్ గూడ్స్ బండి మీద కట్నీ డ్యూటీకి వెళ్లడంతో అత్తగారే తోడొచ్చింది. డాక్టరమ్మ బరువు రెండుసార్లు చూసింది.

"నెలలో రెండు కిలోలు తగ్గావు. వాంతులవుతున్నాయా?"

"లే..."

"నిజం చెప్పు బేటీ. లోపల ఇంకో ప్రాణం ఉంది."

భవిత తల దించుకుంది. "రోజుకి మూడుసార్లు. నెల నుంచీ."

"అచ్ఛా! ఇంట్లో చెప్పలేదా?"

బీపీ చూశారు, స్కానింగ్ చేశారు. బిడ్డకి ప్రస్తుతానికి ఫరవాలేదంది డాక్టరమ్మ. మాత్రలు రాసింది. గంటకోసారి కొంచెం కొంచెం తినమంది, తిన్న వెంటనే పడుకోవద్దంది. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా ఆలస్యం చేయకుండా రమ్మంది. "వచ్చే శుక్రవారానికి బరువు పెరక్కపోతే అడ్మిట్ చేసేస్తాను" అని కూడా చెప్పింది.

బయట చెట్టు కింద బెంచీ మీద కోడల్ని కూర్చోబెట్టి అచ్చియమ్మ గేటు దాకా వెళ్లింది. ముర్రా పొట్లంతో తిరిగొచ్చింది.

"నాలుగు మరమరాలు నోట్లో ఏసుకో. పొడిగా ఉంటే కడుపులో నిలుస్తాది."

భవితకి ఏడుపు ఆగలేదు.

"మీ అంబలంతా ఆవుకి పోశానత్తమ్మా. పాయసం కూడా."

"అదా సంగతి! ఆ ఆవు మన గేటు వదలకపోతే నాను భక్తి అనుకున్నాను."

"నవ్వకండి. నా బిడ్డకి ఏమన్నా అయితే నాదే పాపం."

"నాకెందుకు సెప్పనేదమ్మా?"

"ఎలా చెప్పను? మీరేమో రామ్ కడుపులో ఉన్నప్పుడు ఒక్క వాంతీ ఎరగరు. నేను పనికిమాలినదాన్ని అనుకుంటారని సిగ్గేసింది."

అచ్చియమ్మ పొట్లంలోంచి నాలుగు మరమరాలు తీసి కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"పాపం నాది తల్లీ. నా గొప్ప కోసం అన్న మాట నీ తిండి తినేసింది."

"అబద్ధం చెప్పారా?"

"అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం మా అప్పలనర్సమ్మతోనే పోయింది, రామ్‌కి కూడా తెలీదు. నువ్వు దాచుకోకండా తింటావని సెప్తన్నాను."

"ఏంటత్తమ్మా?"

"నాకసలు కడుపే రానేదు తల్లీ."