ఎంబీఏ గారి శ్రేయోభిలాషి

మేనేజర్‌ని బెదిరించాలన్న ఆలోచన చరణ్‌తేజ్‌కి రోలా బజారులోని ఇంటర్నెట్ కేఫ్‌లో, తనకి సీటు రాలేదన్న కబురు చదువుతుండగా వచ్చింది.

2005లో దుబాయ్‌లోని ఒక యూనివర్సిటీకి అతను ఎంబీఏ కోసం అప్లై చేశాడు. సంగతి ఆఫీసులో పొక్కకూడదని ఎవరికీ తెలియని ఈమెయిల్ అడ్రసు ఒకటి తెరిచాడు. దాని పేరు 'ఎడారి డేగ'. ఇప్పుడా డేగకి జవాబొచ్చింది. పరీక్షలో మార్కులు చాలలేదు, సీటు ఇవ్వలేం, చింతిస్తున్నాం అని.

ఆ చింతించిన గుమాస్తా ఎవరోగానీ ఒక పొరపాటు చేశాడు. ఎవరిది వాళ్ళకి విడిగా పంపాల్సిన మెయిల్‌ని సీటు రానివాళ్ళందరికీ కలిపి ఒకేసారి కొట్టేశాడు. అందరి అడ్రసులూ అందరికీ కనబడేలా పైన బారుగా ఉన్నాయి. నాలాంటి అభాగ్యులు ఇంకెవరున్నారా అని చదువుకుంటూ పోయిన చరణ్‌తేజ్ సగంలో ఆగిపోయాడు.

'జగన్మోహనరావు ఎంబీఏ.'

తన మేనేజర్! తలుపు మీది బోర్డులోనూ, విజిటింగ్ కార్డులోనూ, చివరికి ఈమెయిల్ అడ్రసులోనూ ఎంబీఏ తగిలించుకున్న మనిషి. 'నేను ఎంబీఏ చేసే రోజుల్లో' అనకుండా మీటింగ్ మొదలుపెట్టని మనిషి. ఆ చదువు చూసి కంపెనీ యజమాని, అంటే వాళ్ళందరికీ వీసా ఇచ్చిన కఫీల్, ఆయనకి మేనేజర్ కుర్చీ ఇచ్చాడు. ఆ ఎంబీఏ గారు ఎంబీఏలో చేరే పరీక్షే తప్పారు!

చరణ్‌తేజ్‌కి తన దుఃఖం ఎగిరిపోయింది. మిగతా అడ్రసులు చదివే ఓపిక కూడా లేకపోయింది. అక్కడికక్కడే 'శ్రేయోభిలాషి' పేరుతో ఇంకో అడ్రసు తెరిచి, యూనివర్సిటీ మెయిల్‌ని సాక్ష్యంగా అంటించి, మేనేజర్‌కి రాశాడు. 'మీ చదువు సంగతి నాకు తెలుసు. రేపటినుంచి మీటింగుల్లో ఎంబీఏ మాట వినబడితే కఫీల్‌కి చెప్తాను.'

మర్నాడు మీటింగ్‌లో జగన్మోహనరావు "నేను ఎం..." అని ఆగి, "ఎంతో ఆలోచించాను," అన్నాడు.

చరణ్‌తేజ్‌కి నవ్వు ఆగలేదు.

ఒకటే చిక్కు. తనకంటూ ఏదైనా అడిగితే దొరికిపోతాడు. అందుకని డాక్యుమెంట్స్ సెక్షన్ మొత్తానికి అడిగాడు. నీళ్ళు కారే ఏసీ తీసేసి కొత్తది పెట్టించమన్నాడు, పెట్టించాడు. గురువారం ఒంటిపూట చెయ్యమన్నాడు, చేశాడు.

సెక్షన్ మొత్తం అంటే ఇద్దరే. ఆరేళ్ళుగా ఓడ సరుకుల కాగితాలు చూస్తున్న చరణ్‌తేజ్, మొన్న రంజాన్ తరవాత చేరిన కరీంనగర్ అమ్మాయి కాత్యాయని.

"సార్‌కి ఏమైందన్నా?" అంది ఒకరోజు ఆ అమ్మాయి. "పొద్దుగాల నా కుర్చీ ఆయననే తుడిచిండు. సల్లగుందా అమ్మా, ఇంకేమన్న గావాల్నా అని ఒకటే అడుగుడు."

"భయం, కాత్యాయనీ. భయం ఎంతటివాణ్ణయినా మంచివాణ్ణి చేస్తుంది," అన్నాడు చరణ్‌తేజ్ వేదాంతిలా.

"ఎవరి భయం?"

"దేవుడి భయం."

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ సూపర్‌వైజర్ అయితే ఫ్యామిలీ వీసా వస్తుంది. గుంటూరులో భార్య స్నిగ్ధ పెళ్ళయినప్పటినుంచీ ఆ వీసా కోసమే ఎదురుచూస్తోంది. చరణ్‌తేజ్ మళ్ళీ కేఫ్‌కి వెళ్ళాడు. 'డాక్యుమెంట్స్ సెక్షన్‌కి సూపర్‌వైజర్‌ని వెయ్యండి. ఎవరిని వెయ్యాలో మీకు చెప్పక్కర్లేదు.'

పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. ఆరేళ్ళ సర్వీసు ఉన్నది ఒక్కడికే. బయటికి రాగానే స్నిగ్ధకి ఫోన్ చేసి, "సూట్‌కేసు కొనుక్కో," అన్నాడు.

శనివారం జగన్మోహనరావు పిలిచాడు.

"తలుపు వెయ్యవయ్యా. నిన్ను తమ్ముడనుకుని చెప్తున్నా. నాకు ఎంబీఏ లేదు."

"అయ్యో, అదేంటి సార్!" అని చరణ్‌తేజ్ నోరు తెరిచాడు.

"ఎప్పటికైనా నిజంగా చదివేసి ఆ పీడ వదిలించుకుందామని పరీక్ష రాశాను. తప్పాను. ఆ సంగతి పట్టుకుని ఒకరు మెయిల్స్ పెట్టి నన్ను పీక్కుతింటున్నారు. మొదటిరోజే కూపీ లాగానులే. యూనివర్సిటీ ఉత్తరం వచ్చింది సీటు రానివాళ్ళకే కదా? అంటే నన్ను బెదిరించేవాళ్ళ అడ్రసు కూడా అందులో ఉండాలి. కూర్చుని అన్నీ చివరిదాకా చదివాను. మన ఆఫీసు మనిషి దొరికారు."

ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదో చరణ్‌తేజ్‌కి అర్థం కాలేదు. ఫ్యామిలీ వీసా దేవుడెరుగు, ఉన్న వీసాకే ఎసరొచ్చింది. కాళ్ళ మీద పడదామని కుర్చీలోంచి సగం లేచాడు.

"సార్, నన్ను..."

"నిన్నెవరన్నారయ్యా? కాత్యాయని!"

చరణ్‌తేజ్ మళ్ళీ కూలబడ్డాడు. పాపం ఆ పిల్ల కూడా పరీక్ష రాసి తప్పిందన్నమాట. సొంత పేరుతో అప్లై చేసి దొరికిపోయింది. ఎడారి డేగ ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో కాస్త విశ్వాసం కూడా చూపిద్దామనిపించింది.

"ఎంత గుండెలు తీసిన మనిషి సార్! మొహం చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది. ఖలాస్ చెయ్యండి. ఇవాళే టికెట్ కొట్టించి ఇంటికి పంపెయ్యండి."

"పంపిస్తే కఫీల్ దగ్గరికెళ్ళి నోరు విప్పదూ? ఈ వయసులో నేనెక్కడికి పోతాను?"

"మరేం చేద్దామంటారు సార్?"

జగన్మోహనరావు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిట్టూర్చాడు. "చేసేదేముంది, అడిగింది ఇచ్చేశాను... నువ్వెళ్ళి మీ కొత్త సూపర్‌వైజర్ గారికి నమస్కారం పెట్టు."