నిండు గిన్నె

జెండా కట్టిన రాయబారి కారు సరిహద్దుకు పోతూ వాకిట్లో ఆగేసరికి బురుల్చా అపా చేతులకు ఇంకా పిండి అంటుకునే ఉంది. ఊళ్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అపానే, అంటే అమ్మే.

కారు వెనకే పోలీసు జీపు. రాయబారి ఎక్కడికెళితే అదీ అక్కడికే. కెప్టెన్ జానిష్, ఇద్దరు జవాన్లు దిగారు. అపా కుక్క ఒకటే మొరుగుడు.

ఎన్నికల్లో ఓట్ల పెట్టెలే మార్చేశారని అపా కొడుకు కుబాత్ తన పత్రికలో అచ్చేశాడు. మర్నాటికి పత్రికకు తాళం, కుబాత్‌కు వారంటు. అతని మీద చెయ్యి పడితే సంబంధాలు తెంచుకుంటామని రాయబారి దేశం కబురు పెట్టింది. కొండ దాటి పారిపోయుంటాడు, మాకేం తెలుసంది సర్కారు. దొరికితే మాత్రం ప్రాణాలతో వదలరని ఊరంతటికీ తెలుసు.

అపా నేల మీద భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ పరిచింది. వెన్న, జామ్, నూనెలో వేయించిన చిన్న రొట్టెలు, వేడివేడి బోర్సోకులు. ఒక జవాను బయటే సిగరెట్ వెలిగించాడు.

"ఏయ్, నువ్వూ రా! రొట్టె తుంచాక గుమ్మం బయట మనిషి నిలబడితే నా ఇంటికి అరిష్టం."

"డ్యూటీలో ఉన్నా అపా. ఆ రాయబారి డ్రైవర్ రాలేదుగా?"

"పరాయి దేశంవాడు, వాడికేం తెలుసు మన పద్ధతి? నీకు మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

"రారా బాబూ, ఈవిడ వదలదు" అన్నాడు కెప్టెన్ నవ్వుతూ.

మా వైపు చాయ్ గిన్నెకు సగమే పోస్తాం. అంటే కూర్చో, మళ్లీ పోస్తానని. నిండా పోశామా, తాగి దయచెయ్యమని. మెడపట్టి గెంటినా అంత అవమానం కాదు.

పోలీసులకు అపా రెండేసి గుక్కలే పోసింది. అంత మర్యాదకు వాళ్లు పొంగిపోయారు.

ఆరేళ్లుగా ఇక్కడే ఉన్న రాయబారికి మా మాట బాగానే వచ్చు. "ఒక్క మాట చెప్పండి అపా. ఓట్ల సంగతి రాసినందుకేగా మీ అబ్బాయి మీద ఇంత పగ?"

కెప్టెన్ నమలడం ఆపాడు. అపా కిటికీ వైపు చూసింది.

"కుక్క సంగతేంటో చూసొస్తా" అంటూ జవాను లేవబోయాడు.

"కూర్చో! కొత్తమొహాలు చూస్తే దాని గోల అంతే. ఇంద, ఇంకోటి తిను."

ఉన్నట్టుండి కుక్క అరుపు ఆగింది. రెండుసార్లు గారాబంగా కుయ్యిమని ఊరుకుంది.

అపా రాయబారి గిన్నె అందుకుని అంచుదాకా నింపి ముందు పెట్టింది.

"మా వాడికి పరాయివాళ్ల జాలి అక్కర్లేదు. తాగండి."

రాయబారి ముఖం ఎర్రబడింది. ఒక్క గుక్క తాగి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచి వెళ్లిపోయాడు. కారు దుమ్ము లేపుకుంటూ కదిలింది.

"శభాష్ అపా! దొరగారికి భలే గడ్డి పెట్టావు. పైవాళ్లకు చెబుతాను నీ సంగతి. ఇక లేవండ్రా, వాడి వెనకాలే పోవాలి."

"రొట్టె మిగిలుండగా లేస్తావా నాయనా? సరిహద్దు దాకా ఉన్నది ఒకటే దారి, ఎక్కడికి పోతాడు?"

కెప్టెన్ మళ్లీ కూర్చున్నాడు. అపా కళ్లొత్తుకుని ముగ్గురికీ మళ్లీ రెండేసి గుక్కలు పోసింది.

అప్పటికి కనుమ దారిలో, ఏ పోలీసూ తెరవకూడని ఆ జెండా కారు డిక్కీలో, కాళ్లు ముడుచుకుని పడుకుని, తల్లి పొద్దున జేబులో కుక్కిన బోర్సోకు నములుతున్నాడు కుబాత్.